తిరుపతి, చిత్తూరు ఊళ్ల డేటాతో: లింక్డ్ డేటా గ్రాఫ్‌ని గీసి చూడటం, తప్పులు పట్టుకోవడం ఎలా?

మీ దగ్గర ఒక ఎక్సెల్ షీటు ఉంది. గుడిమల్లం, చంద్రగిరి కోట, కాణిపాకం, శ్రీకాళహస్తి, మదనపల్లె అని వరసగా పేర్లు. పక్కన జిల్లా, దగ్గరి నది, కట్టించినవారు, కట్టిన సంవత్సరం. కాలేజీ ప్రాజెక్టు కోసమో, ఊరి చరిత్ర మీద ఇష్టంతోనో దాన్ని లింక్డ్ డేటాగా, అంటే ఒక్కో విషయాన్నీ మిగతావాటితో సంబంధాలుగా కలిపే రూపంలోకి మార్చారు. ఫైలు తయారైంది. అంతా సరిగ్గానే ఉందా అని ఎవరైనా అడిగితే ఏం చెప్తారు? వందల లైన్లు కళ్లతో చదివి చెప్పడం అయ్యే పని కాదు. దీనికి రెండు రకాల టూల్స్ ఉన్నాయి. కొన్ని సంబంధాల్ని బొమ్మగా గీస్తాయి, కొన్ని మీరు పెట్టిన నియమాలకి డేటా లోబడి ఉందో లేదో చూస్తాయి. రెండూ కావాలి. బొమ్మ చూస్తే అనుమానం వస్తుంది, నియమం పెడితే అది తేలుతుంది. బొమ్మ బాగుంది కాబట్టి డేటా బాగుందనుకోవడమే చాలామంది దగ్గర కనిపించే పొరపాటు.

లింక్డ్ డేటాలో ప్రతి మాటా మూడు ముక్కలుగా ఉంటుంది. సబ్జెక్ట్, ప్రెడికేట్, ఆబ్జెక్ట్. దీన్నే ట్రిపుల్ అంటారు:

స్థ:కాణిపాకం_ఆలయం స్థ:నది స్థ:బాహుదా .
స్థ:గుడిమల్లం_ఆలయం స్థ:నది స్థ:స్వర్ణముఖి .
స్థ:శ్రీకాళహస్తి_ఆలయం స్థ:నది స్థ:స్వర్ణముఖి .

గుడిమల్లం, శ్రీకాళహస్తి రెండూ స్వర్ణముఖి దగ్గర కలిశాయి చూడండి. గ్రాఫ్ అంటే అంతే: గుళ్లు, నదులు లాంటివి నోడ్లు, సంబంధాలు వాటిని కలిపే గీతలు. ఇలా రాసే పద్ధతి పేరు టర్టిల్. ప్రతి నోడ్‌కీ వెబ్ చిరునామా లాంటి ఒక చిరునామా ఉంటుంది, దాని మొదటి భాగానికి పొట్టి రూపమే ‘స్థ:’ అనే ప్రిఫిక్స్. లింక్డ్ డేటా ఎలా ఉండాలో నాలుగు సూత్రాలు రాసింది వెబ్‌ని కనిపెట్టిన టిమ్ బెర్నర్స్ లీ, 2006లో. ఇక పనిలోకి దిగుదాం.

ముందు ఫైలు చదవగలిగేలా ఉందా?

చుక్క పెట్టడం మర్చిపోయారు, కొటేషన్ మూయలేదు, ప్రిఫిక్స్ చెప్పలేదు. ఇలాంటివి ఉంటే తర్వాత ఏ టూలూ పని చేయదు. అపాచీ జెనా అనే ఉచిత ప్యాకేజీలో రయట్ అనే కమాండ్ ఉంది. వ్యాలిడేట్ ఆప్షన్‌తో ఫైలు ఇస్తే తప్పు ఏ లైన్లో, ఎన్నో అక్షరం దగ్గర ఉందో చెప్తుంది. ఎర్రర్లతో పాటు వార్నింగులు కూడా చదవండి. సంవత్సరం అని రకం చెప్పి ‘1516’ బదులు ‘౧౫౧౬’ అని తెలుగు అంకెలు వేస్తే వ్యాకరణం ప్రకారం ఫైలు సరైనదే, కానీ ఆ విలువ సంవత్సరంగా చెల్లదు. రయట్ దాన్ని వార్నింగ్‌గా చూపిస్తుంది. తేదీలు కూడా అంతే: ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు. మనం రోజూ రాసే వరస పనికిరాదు.

తెలుగు పేర్ల దగ్గర ఆగండి

ఇంగ్లీషు గైడ్లలో ఎక్కడా దొరకని చిక్కు ఒకటి మనకుంది. తెలుగు టైప్ చేసేటప్పుడు పొల్లు తర్వాత అక్షరం కిందికి ఒత్తుగా దిగకుండా కంటికి కనిపించని ఒక క్యారెక్టర్ పడుతుంది. ‘హార్స్‌లీ’లో ‘స్‌’ తర్వాత ఉన్నది అదే. అక్కడ అది అవసరం. కానీ కొన్ని కీబోర్డులు ‘హిల్స్’ చివర కూడా దాన్ని వదిలేసి పోతాయి. అప్పుడు ఒకరు టైప్ చేసిన హార్స్‌లీ హిల్స్, ఇంకొకరు టైప్ చేసిన హార్స్‌లీ హిల్స్ స్క్రీన్ మీద అచ్చం ఒకేలా ఉంటాయి. కంప్యూటర్‌కి మాత్రం అవి రెండు వేరు వేరు నోడ్లు. లింక్డ్ డేటాకి పునాది అయిన ఆర్‌డీఎఫ్ అనే పద్ధతిలో చిరునామాల్ని అక్షరం అక్షరం పోల్చి చూస్తారు, ఎంత దగ్గరగా ఉన్నా సరే, తేడా ఉంటే తేడాయే. ఎన్‌ఎఫ్‌సీ అనే యూనికోడ్ సర్దుబాటు చేయడం మంచిదే, అయితే అది ఈ కనిపించని క్యారెక్టర్‌ని తీసేయదు. పదం చివర ఉన్నదాన్ని మీరే స్క్రిప్టుతో తీసేయాలి.

అందుకే నా సలహా ఒకటే. అసలు పనిలో చిరునామాలుగా తెలుగు పేర్లు పెట్టకండి. ఏదైనా నంబర్ పెట్టి, తెలుగు పేరుని లేబుల్‌గా, తెలుగు అనే భాష గుర్తుతో తగిలించండి. ఇక్కడ మీకు చదవడానికి వీలుగా ఉంటుందని నేను పేర్లే రాస్తున్నాను.

మొత్తం గ్రాఫ్ ఒకేసారి గీయకండి

కొత్తవాళ్లు చేసే మొదటి పని ఫైలంతా తీసుకెళ్లి ఏదో ఒక టూల్లో వేయడం. చిక్కుపడిన దారపు ఉండ లాంటిది ఒకటి వస్తుంది. చూడ్డానికి గొప్పగా ఉంటుంది, ప్రెజెంటేషన్‌లో పెట్టుకోవచ్చు. దాన్నుంచి తెలిసేది మాత్రం ఏమీ ఉండదు.

ఒక చోటు తీసుకోండి. శ్రీకాళహస్తి అనుకోండి. దాని నుంచి ఒకటి లేదా రెండు అడుగుల దూరంలో ఉన్నవి మాత్రమే బయటికి తీయండి. పైథాన్ తెలిసినవాళ్లు ఆర్‌డీఎఫ్‌లిబ్‌తో ఆ ముక్కని తీసి, అందులోనే ఉన్న ఆర్‌డీఎఫ్‌టుడాట్‌తో గ్రాఫ్‌విజ్ అనే బొమ్మలు గీసే ప్రోగ్రాంకి పంపొచ్చు. గ్రాఫ్‌విజ్ పాతది, కానీ చిన్న బొమ్మలకి ఇప్పటికీ దాన్ని మించింది లేదని నా అభిప్రాయం. యాభై అరవై నోడ్లు దాటితే మాత్రం వద్దు. తెలుగు అక్షరాలు డబ్బాలుగా వస్తుంటే ఫాంట్ పేరు నోటో సాన్స్ తెలుగు అని ఇవ్వండి. అప్పటికీ ఒత్తులు చెదిరిపోతుంటే పీఎన్‌జీ బదులు ఎస్‌వీజీగా సేవ్ చేసి బ్రౌజర్లో తెరవండి. ఎస్‌వీజీలో అక్షరాలు అక్షరాలుగానే ఉంటాయి, వాటిని పేర్చే పని బ్రౌజర్ చూసుకుంటుంది.

కోడ్ అంటే టెన్షన్ పడేవాళ్లకి గ్రాఫ్‌డీబీ అనే డేటాబేస్ ఉచిత ఎడిషన్ హాయిగా ఉంటుంది. ఫైలు ఎక్కించి, విజువల్ గ్రాఫ్ తెరిచి, ఒక నోడ్ పేరు ఇస్తే దాని చుట్టూ ఉన్నవి వస్తాయి. వాటిలో దేని మీద డబుల్ క్లిక్ చేస్తే అది విచ్చుకుంటుంది. ఒక్క జాగ్రత్త: ఒక నోడ్‌కి ఎన్ని లింకులు చూపాలనే పరిమితి సెట్టింగ్స్‌లో ఉంటుంది. స్వర్ణముఖి పక్కన ఒక గుడి కనిపించలేదంటే డేటాలో లేదని తేల్చేయకండి, ముందు ఆ పరిమితి పెంచి చూడండి.

వెబ్‌వౌల్ పేరు కూడా మీకు ఎదురవుతుంది. అది గీసేది ఆంటాలజీని, అంటే ఆలయం, నది, జిల్లా లాంటి తరగతుల్ని, వాటి మధ్య సంబంధాల్ని. మీ డేటాని కాదు. ఊళ్ల ఫైలు అందులో వేసి ఏమీ రాలేదేంటి అని తల పట్టుకోనక్కర్లేదు.

నోడ్లు వేలల్లో ఉంటే గెఫీ అనే టూల్ వాడండి. దానికి ట్రిపుల్స్ నేరుగా ఇవ్వకుండా, రెండు కాలమ్‌ల సీఎస్‌వీగా ఇవ్వడం తేలిక. సోర్స్, టార్గెట్ అనే హెడ్డింగులు ఇంగ్లీషులోనే ఉండాలి. ఇచ్చేముందు రెండు పనులు చేయండి. ‘ఇది ఆలయం’, ‘ఇది ఊరు’ అని రకం చెప్పే ట్రిపుల్స్ తీసేయండి. లేకపోతే ఆలయం అనే ఒక్క నోడ్‌కి అన్ని గుళ్లూ అతుక్కుని మిగతా సంబంధాలేవీ కనపడవు. సంవత్సరాలు, పేర్లు లాంటి విలువల్ని నోడ్లుగా కాకుండా నోడ్ లక్షణాలుగా పెట్టండి. తర్వాత ఫోర్స్ అట్లాస్ 2 లేఅవుట్ నడిపి, కనెక్టెడ్ కాంపొనెంట్స్, అంటే ఒకదానితో ఒకటి కలిసి ఉన్న గుంపులు ఎన్నో లెక్క వేయండి. అసలు గుంపుకి దూరంగా, ఒంటరి దీవుల్లా మిగిలిపోయినవే మీకు కావాల్సినవి. తలకోన ఒక్కటీ విడిగా ఉందంటే దాని జిల్లా రాయడం మర్చిపోయారు, లేదా పేరులో అక్షరం తప్పింది.

బొమ్మ చూపించనివి ప్రశ్నతో అడగండి

స్పార్కిల్ అనేది ఈ డేటాని ప్రశ్నలు అడిగే భాష. గ్రాఫ్‌డీబీలోనూ జెనాలోనూ పని చేస్తుంది. ఏ డేటా చేతికొచ్చినా నేను ముందు అడిగే ప్రశ్న ఇది: ఆబ్జెక్ట్ స్థానంలో వచ్చి, సబ్జెక్ట్ స్థానంలో ఎక్కడా రాని నోడ్లు ఏవి? ‘ఫిల్టర్ నాట్ ఎగ్జిస్ట్స్’ వాడితే నాలుగు లైన్లలో అయిపోతుంది. ఎవరైనా ‘స్వర్ణముఖీ’ అని దీర్ఘం పెట్టి రాస్తే, దాని గురించి వేరే మాట ఒక్కటీ ఉండదు కాబట్టి ఈ జాబితాలో పైకి తేలుతుంది. రెండో ప్రశ్న, ఒక్కో ప్రెడికేట్ ఎన్నిసార్లు వాడారు? ‘కట్టించినవారు’ ఎక్కువసార్లు, ‘కట్టించినవాళ్లు’ ఒకేసారి వచ్చాయంటే సంగతి అర్థమైపోతుంది.

ఇప్పుడు నియమాలు రాయండి

ఒక అపోహని ముందే తీసేద్దాం. ‘కట్టించినవారు’ అనే ప్రెడికేట్‌కి రేంజ్ (ఆబ్జెక్ట్ ఏ తరగతిదో చెప్పే మాట) మనిషి అని ఆంటాలజీలో రాసేశాం, ఇక ఎవరైనా తప్పు రాస్తే పట్టుబడుతుంది అనుకుంటారు. పట్టుబడదు. ఆ స్థానంలో పొరపాటున స్వర్ణముఖి పడితే రీజనర్ (ఉన్న ట్రిపుల్స్ నుంచి కొత్తవి రాబట్టే ప్రోగ్రాం) ఎర్రర్ ఇవ్వదు, ‘అయితే స్వర్ణముఖి మనిషే’ అని తేల్చి ముందుకు పోతుంది. రేంజ్ అనేది ఊహించడానికి, ఆపడానికి కాదు.

ఆపడానికి ఉన్నది షాకిల్. 2017 జులైలో, వెబ్ ప్రమాణాలు తయారుచేసే డబ్ల్యూ3సీ సంస్థ ప్రమాణంగా వచ్చింది. నియమాల్ని కూడా టర్టిల్ ఫైలుగానే రాస్తారు. ఒక్కో నియమాల కట్టని షేప్ అంటారు. కట్టడం అనే తరగతికి ఒక షేప్ రాద్దాం: తెలుగు లేబుల్ కనీసం ఒకటి ఉండాలి. జిల్లా అని రాసినది జిల్లా తరగతికే చెందాలి. కట్టిన సంవత్సరం ఒకటికి మించకూడదు, రకం సంవత్సరమే అయి ఉండాలి. అక్షాంశం 12.5 నుంచి 14.5 లోపు, రేఖాంశం 78 నుంచి 80.5 లోపు ఉండాలి. కుప్పం నుంచి శ్రీహరికోట దాకా అన్నీ ఇందులో పడతాయి.

ఆ చివరి నియమం అనవసరం అనిపించవచ్చు. తిరుపతి సుమారుగా 13.6 ఉత్తర అక్షాంశం, 79.4 తూర్పు రేఖాంశం మీద ఉంది. లింక్డ్ డేటాలో రెండిటినీ కలిపి ‘పాయింట్’ అని ఒకే విలువగా రాసేటప్పుడు మామూలుగా రేఖాంశం ముందు, అక్షాంశం తర్వాత వస్తుంది. మనకి నోటికి అలవాటైన వరసకి తలకిందులు. రెండూ తారుమారైతే తిరుపతి ఉత్తర ధ్రువం వైపు, నార్వే వాళ్ల స్వాల్‌బార్డ్ దీవుల్లో తేలుతుంది.

షేపుల ఫైలు, డేటా ఫైలు రెండూ కలిపి జెనాలోని షాకిల్ కమాండ్‌కి ఇవ్వండి. పైథాన్‌లో అయితే పైషాకిల్. ఏదీ ఇన్‌స్టాల్ చేసుకోకుండా చూడాలంటే బ్రౌజర్లోనే నడిచే షాకిల్ ప్లేగ్రౌండ్ ఉంది, చిన్న ఫైళ్లకి సరిపోతుంది. గ్రాఫ్‌డీబీలో రిపాజిటరీ సృష్టించేటప్పుడు షాకిల్ ఆన్ చేస్తే నియమానికి తప్పిన డేటాని అసలు లోపలికే రానివ్వదు. ప్రతి నియమానికీ మెసేజ్‌ని తెలుగులో మీరే రాసుకోవచ్చు. అలా రాస్తే రిపోర్టులో సారాంశం ఇలా ఉంటుంది:

నోడ్: శ్రీకాళహస్తి_గాలిగోపురం
దారి: కట్టిన_సంవత్సరం
తీవ్రత: తప్పు
మెసేజ్: కట్టడానికి కట్టిన సంవత్సరం ఒకటే ఉండాలి

ఇది చూసి ఒక సంవత్సరం కొట్టేస్తే పని అయిపోదు. డేటాలో 1516, 2017 రెండూ ఉన్నాయి, రెండూ నిజాలే. కృష్ణదేవరాయలు కట్టించిన గాలిగోపురం 1516 నాటిది. అది 2010 మే 26న కూలిపోయింది. అదే చోట కొత్తది కట్టి 2017లో పూర్తి చేశారు. అంటే తప్పు సంవత్సరంలో లేదు, రెండు గోపురాల్ని ఒకే నోడ్‌లో ఇరికించడంలో ఉంది. రెండు నోడ్లు చేసి, కొత్తదాన్ని పాతదాని స్థానంలో వచ్చింది అనే సంబంధంతో కలపండి. షాకిల్ రిపోర్టులో చాలా తప్పులు ఇలాంటివే. వేలు చూపించేది ఒకచోట, రోగం ఇంకోచోట.

కాస్త కష్టమైన నియమం ఒకటి చెప్తాను. కట్టిన సంవత్సరం, కట్టించిన రాజు పాలనా కాలంలోనే పడాలి. కృష్ణదేవరాయలు 1509 నుంచి 1529 దాకా ఏలాడు, 1516 అందులో పడుతుంది. షాకిల్‌లో ‘ఇది దానికంటే చిన్నది’ అనే మామూలు నియమంలో పోల్చే రెండో విలువ ఎప్పుడూ ఆ నోడ్‌కే నేరుగా ఉండాలి. ఇక్కడ సంవత్సరం గోపురం దగ్గర, పాలనా కాలం రాజు దగ్గర ఉన్నాయి. అందుకని షేప్ లోపల స్పార్కిల్ ప్రశ్న పెట్టే పద్ధతి వాడటం తేలిక. దీన్ని తప్పు అని కాకుండా హెచ్చరిక స్థాయిలో పెట్టండి. ఒక రాజు మొదలుపెట్టింది ఇంకో రాజు పూర్తి చేసిన కట్టడాలు బోలెడు.

అంతా అయ్యాక ‘కన్‌ఫార్మ్స్: ట్రూ’ అని వస్తే వెంటనే సంబరపడకండి. మీ షేప్ కట్టడం అనే తరగతికి గురి పెట్టింది. డేటాలో చోట్లకి ఆ తరగతి పేరు రాయకపోతే, లేదా స్పెల్లింగ్ తేడా వస్తే, గురికి ఒక్క నోడ్ కూడా చిక్కదు. చూసింది సున్నా, తప్పులు సున్నా, ఫలితం ట్రూ. దీనికి మందు తేలికే. ఒక నోడ్‌లో కావాలని తప్పు పెట్టి మళ్లీ నడపండి. అది పట్టుబడితే షేప్ పని చేస్తున్నట్టు. తరగతిని నమ్ముకోకుండా, ‘కట్టిన సంవత్సరం అనే ప్రెడికేట్ ఉన్న ప్రతి నోడూ’ అని గురి పెట్టే పద్ధతి కూడా షాకిల్‌లో ఉంది. రెండూ పెట్టుకోండి.

జిల్లా ఎప్పటిది?

మన ప్రాంతపు డేటాలో ఎక్కువ గొడవ ఇక్కడే. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడింది. చంద్రగిరి, శ్రీకాళహస్తి చిత్తూరు జిల్లా నుంచి అందులోకి వచ్చాయి, గూడూరు, సూళ్లూరుపేట నెల్లూరు నుంచి వచ్చాయి. అదే రోజు మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి వెళ్లింది. పాత పుస్తకంలోంచి ఎక్కించినవాళ్లు చంద్రగిరి చిత్తూరు జిల్లా అని రాస్తారు, కొత్తగా రాసేవాళ్లు తిరుపతి అంటారు. గ్రాఫ్‌లో ఒక కోట నుంచి రెండు జిల్లాలకి గీతలు. ఏది తప్పు? కాలం చెప్తే ఏదీ తప్పు కాదు.

మామూలు ట్రిపుల్‌లో కాలానికి చోటు లేదు. మధ్యలో ఒక నోడ్ పెట్టాలి:

స్థ:మదనపల్లె స్థ:పాలన స్థ:మదనపల్లె_చిత్తూరు .
స్థ:మదనపల్లె_చిత్తూరు స్థ:జిల్లా స్థ:చిత్తూరు_జిల్లా ;
 స్థ:మొదలు "1911-04-01" ;
 స్థ:చివర "2022-04-04" .

అసలు ఫైల్లో ఈ తేదీలకి తేదీ అనే రకం కూడా తగిలించాలి. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911 ఏప్రిల్ 1న. అంతకుముందు మదనపల్లె కడప జిల్లాలో ఉండేది, దానికి ఇంకో నోడ్. ఇంత అవసరమా అంటే, జిడ్డు కృష్ణమూర్తి 1895లో మదనపల్లెలో పుట్టారు. అప్పటికి చిత్తూరు జిల్లా అనేదే లేదు. రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లెలో జనగణమనని ఇంగ్లీషులోకి తెచ్చింది 1919లో, అప్పటికి ఉంది. కాలం లేని డేటాని ‘చిత్తూరు జిల్లాలో జరిగినవి ఏవి’ అని అడిగితే ఇద్దరూ వస్తారు, లేదా ఇద్దరూ రారు.

దీనికి రెండు నియమాలు చాలు. మొదలు చివర కంటే ముందుండాలి. ఇవి ఒకే నోడ్ మీద ఉన్నాయి కాబట్టి మామూలు పోలిక నియమమే సరిపోతుంది. చివర లేని పాలన నోడ్ ఒక చోటుకి ఒకటే ఉండాలి. ఇంకో చిన్న సంగతి, చివరి తేదీ ఆ జిల్లాలో ఆఖరి రోజా, మారిన రోజా అన్నది ముందే అనుకుని రాసిపెట్టుకోండి. లేకపోతే 2022 ఏప్రిల్ 4న మదనపల్లె రెండు జిల్లాల్లో ఉంటుంది.

వికీడేటాతో కలిపేటప్పుడు

మీ నోడ్లని 2012లో మొదలైన వికీడేటాతో (వికీపీడియాకి తోడుగా ఉన్న ఉచిత డేటా భాండారం) కలిపితేనే అది నిజంగా లింక్డ్ డేటా. ఓపెన్‌రిఫైన్‌లో పేర్ల కాలమ్‌ని రికన్సైల్ చేస్తే, అంటే వికీడేటాలోని పేర్లతో పోల్చమంటే, సరిపోలేవి చూపిస్తుంది. ఎక్కువ స్కోరు వచ్చిందని ఒప్పేసుకోకండి. కేరళలో కాసరగోడ్ దగ్గర కూడా చంద్రగిరి కోట ఉంది, కర్ణాటకలోని శ్రవణబెళగొళలో చంద్రగిరి అనే కొండ ఉంది. కలిపిన తర్వాత వికీడేటా క్వెరీ సర్వీస్‌లో ఆ ఐటమ్స్ అన్నిటికీ పీ625, అంటే అక్షాంశ రేఖాంశాలు అడిగి, ఫలితాన్ని మ్యాప్‌గా చూడండి. చుక్కలన్నీ ఇక్కడ గుంపుగా ఉండి ఒకటి అరేబియా సముద్రం ఒడ్డున కనిపిస్తే దొంగ దొరికినట్టే. అదే సర్వీస్‌లో గ్రాఫ్‌గా చూసే వీలు కూడా ఉంది.

జిల్లా సమాచారం వికీడేటాలో పీ131 కింద ఉంటుంది. మొదలు, చివర పీ580, పీ582 అనే క్వాలిఫయర్లుగా, అంటే ఆ మాటకి తగిలించిన అదనపు వివరాలుగా వస్తాయి. పీ131ని సూటిగా అడిగితే ఆ తేదీలు రావు, స్టేట్‌మెంట్ నోడ్ గుండా వెళ్లి అడగాలి. పైన మనం మధ్యలో పెట్టిన నోడ్ లాంటిదే అదీ.

రెండూ ఒకటే అని చెప్పే సేమ్‌యాజ్ సంబంధాన్ని పొదుపుగా వాడండి. తిరుచానూరుకి అలమేలుమంగాపురం ఇంకో పేరు. ఊరు ఒకటే కాబట్టి రెండో పేరుని లేబుల్‌గా పెడితే చాలు. కాణిపాకం ఊరు, కాణిపాకం ఆలయం మాత్రం ఒకటి కాదు. ఆ రెండిటి మధ్య సేమ్‌యాజ్ పెట్టారంటే రీజనర్ ఊరి జనాభాని గుడికి, గుడి కట్టిన సంవత్సరాన్ని ఊరికి అంటగడుతుంది. సేమ్‌యాజ్ గీతలు మాత్రమే తీసి గ్రాఫ్‌విజ్‌లో గీయండి. ఒక గొలుసులో ఆలయం, ఊరు రెండు తరగతులూ కనిపిస్తే దాన్ని అక్కడే తెంపేయండి.

ఆఖరుగా, ఈ చోట్ల వివరాలు వెబ్ పేజీలో, సెర్చ్ ఇంజిన్లకి అర్థమయ్యే స్కీమా.ఆర్గ్ పద్ధతిలో పెడుతుంటే స్కీమా మార్కప్ వ్యాలిడేటర్‌లో ఒకసారి చూసుకోండి. అది చూసేది స్కీమా.ఆర్గ్ పదాలు సరిగ్గా వాడారా అన్నంతవరకే. గాలిగోపురాలు ఒకటా రెండా అన్నది దానికి పట్టదు, అందుకు మీ షేపుల ఫైలే కావాలి. ఆ ఫైలుని డేటా ఉన్న ఫోల్డర్లోనే పెట్టి, ఎవరు ఒక వరుస చేర్చినా ముందు రయట్, తర్వాత షాకిల్ నడిచాకే పాత ఫైలు స్థానంలో కొత్తది వెళ్లేలా ఏర్పాటు చేసుకోండి.